ఏడేళ్ల హామీ ఖరీదైన ఫోన్లకేనా?

ఖమ్మం జిల్లా పెనుబల్లి వైపు ఆయిల్‌పామ్ రైతుకు ఫోనే పాస్‌బుక్కు, ఫోనే పర్సు. పీఎం కిసాన్ ఈకేవైసీ, యూపీఐ చెల్లింపులు అందులోనే. అలాంటి ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతే ఖాతాలోని డబ్బుకు భద్రత ఎక్కడిది?

2023 అక్టోబరులో పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. మెచ్చుకోవాల్సిందే. కానీ అవి విడుదలనాటికి డెబ్బై వేలు దాటిన ఫోన్లు! పదివేల రూపాయల ఫోన్లలో చాలావాటికి రెండు మూడేళ్లతో సరి. మోసగాళ్లు ఫోన్ ధర చూసి వల వేయరు కదా. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు అమలవుతున్నాయి. మోడల్ అమ్మకాలు ఆగాక ఏడేళ్లపాటు విడిభాగాలు దొరకాలి, అప్‌డేట్లూ కనీసం ఐదేళ్లు అందాలి. చౌక ఫోన్లకూ వర్తించేలా అలాంటి చట్టం మనకు కావాలి.

ధరల సంగతీ అంతే. 2020 ఏప్రిల్ 1న మొబైళ్లపై జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది.

అదే ఏడాది ఐఫోన్ 12 పెట్టెలోంచి ఛార్జర్ మాయమైంది. మరుసటి ఏడాది గెలాక్సీ ఎస్21దీ అదే దారి. విడిగా కొంటే దానిమీదా 18 శాతం పన్ను. ఆ ఖర్చుకు జంకి నాసిరకం ఛార్జర్ కొంటే బ్యాటరీకే ముప్పు. ఛార్జర్ లేని ఫోన్‌కు ఆమేరకు ధర తగ్గించాలి, అప్‌డేట్లు ముగిసే తేదీని పెట్టెమీద తెలుగులో అచ్చువేయాలి.