వేలిముద్ర మనది, భాష వాళ్లది

మా చిన్నమ్మకు ముప్పై మూడేళ్లప్పుడు ఆపరేషన్ అయింది. ఏం ఆపరేషనే అంటే "పెద్దాపరేషన్" అంటది. ఏం తీసిండ్రే అంటే "సంచి తీసిండ్రు" అంటది. ఎందుకు తీసిండ్రే అంటే "ఉంచితే క్యాన్సరైతదన్నరు బిడ్డా" అంటది. ఆమెకు తెలిసింది ఆ మూడు మాటలే. వాటికోసం పాలిచ్చే బర్రెను అమ్మింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది.

ఆపరేషనయిన నెల తిరగకముందే ఒంట్లో మంటలు మొదలైనయి. నడిరాత్రి లేచి చెమటలు తుడుచుకుంటూ వాకిట్లో కూర్చునేది. వాడలో గాలి సోకిందన్నారు. ఆరెంపీ బలం సూదులు పొడిచాడు. ఏడేళ్లు అట్లనే గడిచినయి. పోయిన యేడు ఊరికొచ్చే ఏయెన్నెమ్ ఆమె డిశ్చార్జి కాయితం చూసింది. రేషన్ కార్డు కవర్లో మడతపెట్టి దాచుకున్న కాయితం అది. ఇంగ్లీషులో ఒక్క లైను: టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ. "అక్కా, నీకు సంచి ఒక్కటే కాదు, అండాశయాలు కూడా రెండూ తీసిండ్రు. ఈ మంటలు దానివల్లనే అయ్యుంటయి" అంది ఏయెన్నెమ్.

చిన్నమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నన్నెవలడిగిండ్రు?" అంది.

నేనీ నాలుగు మాటలు రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే. ఆమెను ఎవరూ అడగలేదు. కానీ కాయితం మీద ఆమె వేలిముద్ర ఉంది. మా తాత దొర దగ్గర వేసిన ప్రోనోటు మీద కూడా వేలిముద్ర ఉండేది. అందులో వంద రాశాడో వెయ్యి రాశాడో తాతకు తెలియదు. చదువు రానోడి వేలు పట్టుకుని ముద్ర వేయించుకుంటే దాన్ని మనం మోసమంటాం. అదే పని తెల్లకోటు వేసుకున్నాయన చేస్తే దాన్ని వైద్యమని ఎందుకనాలి? పొలం పోతే పోరాడి గుంజుకోవచ్చు. కడుపులోంచి తీసింది మళ్లీ పెట్టించుకోలేం.

ఆ లైనును విడదీసి చూద్దాం. భయపడేంత విద్యేం కాదది. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి కోసి తీసెయ్యడం. అబ్డామినల్ అంటే పొట్ట కోసి. ఇక టోటల్ అనే మాట దగ్గరే మనోళ్లు బోల్తా పడేది. టోటల్ అంటే లోపలున్నయన్నీ అనుకుంటాం. కాదు. సంచిని దాని మూతితో సహా తీశారని మాత్రమే అర్థం. అండాశయాలు ఆ మాటలో లేవు. అవి బి.ఎస్.ఓ.లో ఉన్నయి. బైలేటరల్ అంటే రెండు పక్కలా, సాల్పింగో అంటే గొట్టాలు, ఊఫొరెక్టమీ అంటే అండాశయాలు తీసెయ్యడం. మూడక్షరాల్లో మా చిన్నమ్మ పదిహేనేళ్ల ఆరోగ్యం పోయింది.

సంచి పోతే ముట్టు ఆగుతది, పిల్లలు పుట్టరు. అండాశయాలు పోతే సంగతి వేరు. ఆడదాని ఎముకను, గుండెను, నిద్రను కాపాడే ఈస్ట్రోజెన్ తయారయ్యేది ముఖ్యంగా అక్కడే. నలభై అయిదు దాటాక మెల్లగా రావాల్సిన ముట్లుడిగే స్థితి ముప్పై మూడేళ్లకే ఒక్కరోజులో మీద పడుతది. ఎముకలు ముందే గుల్లబారుతయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతది. అంత చిన్న వయసులో తీయక తప్పకపోతే, తర్వాత హార్మోను మందులు అవసరమా అని చూడాలి, ఎముకల సంగతి చెప్పాలి. చిన్నమ్మకు కుట్లు విప్పి పంపించారు, అంతే.

ఇది ఒక్క మా చిన్నమ్మ కథే అయితే పత్రికలో రాసేదాన్ని కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్లు నూటికి ముగ్గురు. ఆంధ్రలో, తెలంగాణలో ఎనిమిది, తొమ్మిది మంది. 2019-21 సర్వేలోనూ మన లెక్క పెద్దగా మారలేదు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా ఏదో రోగమొచ్చిందంటే నేను నమ్మను. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కొట్టబోయే కూలీ ఆడవాళ్లకు ఇవే ఆపరేషన్లు జరిగాయని 2019లో బయటపడింది. ముట్టు నొప్పికి ఒక పూట పని మానితే ముకద్దం జరిమానా వేస్తాడు. సంచే లేకపోతే సెలవే ఉండదు కదా!

మన దగ్గర దారి ఎట్లుంటదో చూడండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇద్దరు ముగ్గురు పిల్లలు, కు.ని. ఆపరేషన్. ఆ తర్వాత పదేళ్లు బురదలో నాట్లు. తెల్లబట్ట, నడుంనొప్పి. ఆరెంపీ దగ్గరికి పోతే పట్నంలో ఫలానా నర్సింగుహోముకు పొమ్మంటాడు. ఆయన కమీషన్ ఆయనకుంటది. అక్కడ స్కానింగ్. స్కానింగ్ కాయితంలో నాలుగు ఇంగ్లీషు మాటలు. ఆ మాటలే గొడ్డలి.

ఒకటి "బల్కీ యుటెరస్". సంచి కొంచెం పెద్దగా ఉందని. పిల్లల్ని కన్న చాలామందికి ఉంటది. ఆ ఒక్క మాట మీద సంచి తీయాల్సిన పని లేదు. రెండోది "ఎరోజన్". దాన్ని పుండు అని చెప్తారు, పుండు క్యాన్సరైతదని ముగిస్తారు. సంచి మూతి మీద ఎర్రగా కనపడేది చాలాసార్లు అసలు పుండే కాదు, లోపలి పొర కొద్దిగా బయటికి కనపడటం. క్యాన్సర్ అనుమానముంటే దానికి పాప్ స్మియర్, హెచ్.పి.వి. పరీక్ష, అవసరమైతే చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ ఉన్నయి. అవేవీ చెయ్యకుండా క్యాన్సర్ మాట ఎత్తితే అది భయపెట్టడమే. మూడోది "సిస్ట్", నీటి బుడగ. వయసులో ఉన్న ఆడవాళ్లకు వచ్చే చిన్న నీటి బుడగలు చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతయి, మళ్లీ స్కాన్ చేసి చూస్తే చాలు. నాలుగోది "ఫైబ్రాయిడ్". గడ్డే, కానీ క్యాన్సర్ గడ్డ కావడం బహు అరుదు. బాధ పెట్టకపోతే వదిలెయ్యొచ్చు, రక్తం ఎక్కువపోతే మందులున్నయి, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది, దాని పేరు మయోమెక్టమీ. తెల్లబట్టకైతే చాలాసార్లు మాత్రలు సరిపోతయి. మొగుడు కూడా మందు మింగాల్సిన రోగాలున్నయి. అక్కడే మన మగోళ్లు మొహం చాటేస్తారు.

దొరసానికి ఇదే స్కానింగ్ కాయితం ఇస్తే ఏం చేస్తది? హైదరాబాదు పోయి ఇంకో డాక్టరుకు చూపిస్తది. మన ఆడమనిషికి మాత్రం "పిల్లలయ్యిన్రు కదా, ఇంక సంచెందుకు?" అని చెప్తారు. ఈ మాట మా వాడలో నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను.

అట్లని కత్తి అంటేనే వద్దని నేననట్లేదు. సంచికి క్యాన్సర్ వస్తే తీయాలి. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ప్రాణం కోసం తీయాల్సి రావచ్చు. సంచి పూర్తిగా జారిపోయినా, మందులకు లొంగని రక్తస్రావమైనా తీయాల్సి రావచ్చు. అపెండిక్సు పగిలితే, బిడ్డ అడ్డం తిరిగితే, హెర్నియాలో పేగు ఇరుక్కుంటే పసరు పోసుకుంటూ కూర్చున్నోళ్లు చచ్చిపోయారు. అందుకే డాక్టరు నోట రెండు మాటల తేడా పట్టుకోవాలి. "ఎమర్జెన్సీ" అంటే ఆగొద్దు. "ఎలెక్టివ్" అంటే రోజు చూసుకుని చేసేది, ఆగొచ్చు, ఇంకొకరిని అడగొచ్చు. ఏదో తెలియకపోతే మన భాషలోనే అడగండి: ఇయ్యాల చెయ్యకపోతే ఏమైతది? నెల ఆగితే ఏమైతది? కోయకుండ ఇంకో మందు లేదా? ఏం తీస్తరు, ఏం ఉంచుతరు?

మిగతా ఆపరేషన్ల పేర్లకు కూడా తోకలు పట్టుకుంటే చాలు. చివర "ఎక్టమీ" వస్తే ఏదో తీసేస్తున్నారు. అపెండెక్టమీ, పిత్తాశయం తీసే కోలిసిస్టెక్టమీ అట్లాంటివి. కాకపోతే ట్యూబెక్టమీకి ఆ తోకున్నా గొట్టం ముడేసి చిన్న ముక్క కోస్తారు లేదా రింగు వేస్తారు, సంచికి దానికి సంబంధం లేదు, ముట్టు ఆగదు. "ఆటమీ" వస్తే కోసి తెరుస్తున్నారు. లాపరాటమీ అంటే పొట్ట తెరవడం. "ఆస్టమీ" వస్తే బయటికి దారి పెడుతున్నారు, కోలాస్టమీలో పేగుకు పొట్ట మీద దారి పెట్టినట్టు. "ఆస్కోపీ" అంటే గొట్టం పెట్టి చూడటం. చూడటానికి ఒప్పుకుంటే కోయడానికి ఒప్పుకున్నట్టు కాదు.

ఈ చివరి మాట నాది కాదు, సుప్రీంకోర్టుది. 1995లో ఢిల్లీలో ఒకామె గొట్టం పెట్టి చూసే పరీక్షకు సంతకం పెట్టింది. మత్తులో ఉండగా ఆమె తల్లిని అడిగి సంచి, గొట్టాలు, అండాశయాలు అన్నీ తీసేశారు. సమీరా కోహ్లీ కేసుగా దానిమీద 2008లో తీర్పొచ్చింది. స్పృహలోకి వస్తే తనే చెప్పగల మనిషికి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదు, ప్రాణం మీదికొస్తే తప్ప అట్లా చేయకూడదు, ఏం చేస్తారో, ముప్పేమిటో, వేరే దారేముందో ముందే చెప్పాలి అని. న్యాయం మంచిదే, పరిహారం మాత్రం ఇరవై అయిదు వేలు! తల్లి ఒప్పుకున్నా చెల్లదంటే, మన దగ్గర మొగుడితో సంతకం పెట్టించి పనైపోయిందనుకోవడం ఎట్లా చెల్లుతది?

2014 నవంబరులో చత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఒక్క డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు కు.ని. ఆపరేషన్లు చేశాడు. పది మందికి పైగా చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ క్యాంపులు మూడేళ్లలో మానాలంది. కాయితం స్థానిక భాషలో ఉండాలని, మనిషికి అర్థమయ్యేట్టు చెప్పాలని, చెప్పాక ఆలోచించుకోవడానికి సుమారు గంట టైమివ్వాలని కూడా చెప్పింది. గర్భసంచుల మీద 2023 ఏప్రిల్‌లో ఇంకో తీర్పు. కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని. వాటి ప్రకారం ఈ ఆపరేషన్ల మీద జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ జిల్లాలో అందులో ఎవరెవరున్నారో డి.ఎం.హెచ్.ఓ. ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. పది గ్రామాల సంఘాలు ఒకే వారంలో అడిగితే చాలు, కుర్చీలు కదులుతయి.

"మీకు చెప్తే అర్థమైతదా?" అంటారు డాక్టర్లు. అందరూ కాదు, ఓపిగ్గా కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పిన డాక్టరమ్మను కూడా నేను చూశాను. ఆమెకు పట్టింది పది నిమిషాలు. మడిలో ఏది నారో ఏది తుంగో చూపుతోనే చెప్పే మనిషికి తన కడుపులో ఏముందో చెప్తే ఎందుకర్థం కాదు?

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. ధర్నాలకు, కరపత్రాలకు మనకు టైముంటది. ఆడవాళ్ల కడుపు సంగతి వచ్చేసరికి "అది ఆడోళ్ల ముచ్చట" అని లేచిపోతారు. ఆ ఆపరేషన్లకు తెచ్చిన అప్పు ఇల్లంతా కడుతుంది, వెట్టి పోయినా వడ్డీ పోలేదు. ఆసుపత్రికి ఎవరైనా పోతుంటే చదువొచ్చిన మనిషి ఒకరు వెంట పోండి. ఖాళీ కాయితం మీద ముద్ర వేయనివ్వొద్దు. "నిల్ బై మౌత్" అని రాస్తే నోట్లో ఏమీ పోయొద్దని. నీరసంగుందని చాటుగా చాయ్ తాగించొద్దు, మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తది. బయటికొచ్చేటప్పుడు డిశ్చార్జి కాయితం, స్కానింగులు తీసుకోండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. సంచి తీస్తే దాన్ని పరీక్షకు పంపిన రిపోర్టు కూడా అడగండి, హిస్టోపాథాలజీ అంటారు. క్యాన్సరని చెప్పి తీసినోళ్లు క్యాన్సర్ ఉందో లేదో చూపించాలి గదా. చిన్నమ్మ కవర్లో ఆ రిపోర్టు లేదు. అడుగుదామని పోతే ఆ నర్సింగుహోము బోర్డే మారిపోయింది.

వచ్చే ఆదివారం పొద్దుగూకినంక మా వాడ కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నం. ఏయెన్నెమ్ వస్తానంది. ఇప్పటికే చిన్నమ్మతో కలిపి పదకొండు మంది కాయితాలు తెస్తమన్నరు. అందులో ఇద్దరికి ముప్పై కూడా నిండలేదు. మీ వాడల్లో కూడా కూర్చోండి. కాన్పు కాయితాలు, స్కానింగులు, బిల్లులు ఏవుంటే అవి తెమ్మనండి. చిరిగిపోయినవైనా సరే.