ముక్కుకు అందనిది

పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కన పెరిగినవాళ్లం కాలుష్యాన్ని ముక్కుతో కొలిచాం. రాత్రి ఘాటు వాసన వస్తే కిటికీలు మూసుకున్నాం. నక్కవాగు రంగు మారితే విలేకర్లను పిలిచాం. చెరువులో చేపలు చచ్చి తేలితే రోడ్డు మీద కూర్చున్నాం. వాసన పోగానే లేచి ఇళ్లకు పోయాం. వాసనా రంగూ లేనిది కూడా ఆ నీళ్లలో ఉండొచ్చని మాకు తట్టలేదు.

ఆ సంగతి 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అప్పట్లో ఇక్కడి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీటిని యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మూత్రంలో మంటకు మనం మింగే సిప్రో గోలీలోని మందే అది. రోజుకు 45 కిలోలు పోతోందని లెక్క తేలింది. అప్పటికి 90 లక్షల మంది ఉన్న స్వీడన్ అంతా అయిదు రోజుల్లో వాడేంత మందు.

అంత మందు పారినా సూక్ష్మజీవులన్నీ చావవు. తట్టుకున్నవి బతికి, ఆ గుణాన్ని పక్కవాటికీ అందిస్తాయి. ఆ గుణాన్నిచ్చే జన్యువులు మా వాగు అడుగు బురదలో, తర్వాత కాజీపల్లి చెరువులో దొరికాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

ఇక్కడి డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ నీళ్ల గురించి మొత్తుకున్నారు. 1990లోనే ఈ కాలుష్యంపై కేసు సుప్రీంకోర్టుకు చేరింది. మేం ఆయనకు దండం పెట్టాం, వెంట మాత్రం నడవలేదు. మా ఇళ్లలో ఎవరో ఒకరు కంపెనీలో షిఫ్టుకు పోతుండేవారు. జీతం పోతుందన్న భయం మా నోళ్లు మూసింది. పాడైన పొలాలకు పరిహారం అడిగాం, అది న్యాయమే. కానీ వదిలే నీళ్లలో ఏ మందు ఎంత మిగిలిందో చెప్పమని నేను కూర్చున్న ఏ గ్రామసభలోనూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంట్లో చేసింది ఇంకా సిగ్గుచేటు. గొంతు నొప్పి రాగానే మెడికల్ షాపుకు పోయి, "అన్నా, పోయినసారి ఇచ్చినవే ఇయ్యి" అన్నాను. డాక్టరు చీటీ లేదు. అయిదు రోజులు వేసుకోవాల్సిన గోలీలు రెండో రోజే ఆపేశాను. మిగిలినవి దాచి, పాపకు జ్వరం వచ్చినప్పుడు సగం విరిచి మింగించాను. వాగులో ఏం జరుగుతోందో తెలిసీ, దాన్నే నా బిడ్డ కడుపులో జరగనిచ్చాను.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లు ఎంతకు మించకూడదో చెబుతూ ముసాయిదా తెచ్చింది. అభ్యంతరాలూ సలహాలూ పంపమంది. పరిశ్రమ వాళ్లు పంపారు. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. నక్కవాగు ఒడ్డున బతుకుతున్న నేను ఒక్క పోస్టు కార్డు కూడా రాయలేదు.