కొండకు దారి తెలుసా?

అండమాన్‌లో గరాచర్మ పక్కనే ఉన్న సిప్పిఘాట్‌లో ఒకప్పుడు వరి పండేది. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల దాదాపు మీటరు కుంగింది. సునామీ వెనక్కి మళ్లినా, సముద్రపు పోటు నీరు చాలా పొలాలను వదల్లేదు.

ఆ రోజు భూమి కంపించిన గంటలోపే అలలు పోర్ట్‌బ్లెయిర్‌ను (2024 నుంచి శ్రీ విజయపురం) తాకాయి. అప్పటికి హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007లో ఆ లోటు తీరింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇప్పుడు భూకంపం వచ్చిన దాదాపు పది నిమిషాల్లో తొలి సమాచారం పంపుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. భూకంప కేంద్రం దగ్గరైతే మిగిలేవి కొద్ది నిమిషాలే. నిలబడలేనంతగా నేల ఊగిందంటే అదే మొదటి హెచ్చరిక. ఫోను మోగేదాకా ఆగకూడదు.

తుపాను సంగతి వేరు. అది ముందే చెప్పి వస్తుంది. 2013 నవంబరులో లెహర్ పోర్ట్‌బ్లెయిర్ సమీపంలోనే దీవులను దాటింది. అలాంటప్పుడు ఓడలూ విమానాలూ ఆగిపోతాయి. చాలా సరుకులు ప్రధాన భూభాగం నుంచే రావాలి కనుక బియ్యం, మందులు, తాగునీరు ఇంట్లో ముందే ఉండాలి.

గరాచర్మ చుట్టూ గుట్టలకు కొదవ లేదు. చీకట్లో, వానలో, ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఏ దారిన ఎక్కాలో ప్రతి ఇంటికీ తెలియాలి. బెంగాలీ, తమిళం, హిందీతో పాటు శ్రీకాకుళం, విశాఖల నుంచి వలస వచ్చిన కుటుంబాల తెలుగులోనూ ఆ మాట చెప్పాలి. కసరత్తు ఏటా జరగాలి. హైదరాబాద్ హెచ్చరించగలదు గానీ, చేయి పట్టుకుని కొండెక్కించలేదు.