ద్వారానికి ఏ రంగు?

‘ఇంటిని చూచి ఇల్లాలిని చూడు’ అన్నారు పెద్దలు. నేడు పట్టణాలలో ఇంటిని చూడబోతే ముందుగా మన చూపును అడ్డగించేవి ఇనుప గ్రిల్ తలుపు, కిటికీకి బిగించిన దోమల జాలీ. ఒకప్పుడు మన ఊళ్లలో పగటివేళ వీధి తలుపు తెరిచే ఉండేది. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన గడపే ఇంటికి శోభనిచ్చేది. కాలం మారింది. దొంగల భయం గ్రిల్ తలుపును తెచ్చింది, దోమల బాధ జాలీని తెచ్చింది. వీటికి ఏ రంగు వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మనం పొరుగింటి వైపు చూస్తాము. లేదా దుకాణంలోని రంగుల పట్టికలో కంటికి ఇంపైన గడిపై వేలు పెడతాము. ఈ పద్ధతి సరికాదని నా అభిప్రాయం. తలుపు వెనుక నివసించేవారి మేలును బట్టి రంగును నిర్ణయించాలి. వీధిలో నడిచిపోయేవారి మెప్పు ఆ తరువాతి మాట.

మొదట జాలీ సంగతి చూద్దాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయంలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమను ఇంటిలోకి రానీయకపోవడం ఎంత అవసరమో ఆ పరిశోధన వలన లోకానికి స్పష్టమైంది. అయితే జాలీ దోమను ఆపాలి గాని చూపును ఆపరాదు. తెల్లని జాలీపై ఎండ పడితే దాని పోగులు మెరుస్తాయి. కన్ను ఆ మెరుపు దగ్గరే నిలిచిపోతుంది, వీధి మసకబారుతుంది. నల్లని జాలీ, ముదురు బూడిదరంగు జాలీ వెలుగును అంతగా తిప్పికొట్టవు. అందువలన వాటి వెనుక కూర్చున్నవారికి వెలుపలి చెట్టూ, పిట్టా, ఆడుకొనే పిల్లలూ స్పష్టంగా కనిపిస్తారు. మంచం దిగలేని నాయనమ్మకు ఆ కిటికీయే లోకం. తెలుపు శుభ్రంగా కనిపిస్తుందన్న ఒక్క కారణంతో ఆమె లోకాన్ని మసకపరచడం న్యాయమా? పగటిపూట వీధివారి చూపు లోపల పడకుండా తెల్లని జాలీ కొంత మరుగునిస్తుందన్న మాట నిజమే. కాని రాత్రి గదిలో దీపం వెలిగించగానే ఆ మరుగు తొలగిపోతుంది. అప్పుడు ఏ రంగు జాలీకైనా పరదా వేయక తప్పదు.

ఇక తలుపు విషయం. దుమ్ము కనిపించదన్న ఉద్దేశంతో చాలామంది ఇనుప తలుపునకు నలుపో, కాఫీ రంగో వేయిస్తారు. ముదురు రంగు ఎండ వేడిమిని ఎక్కువగా గ్రహిస్తుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అటువంటి ఊళ్లలో పడమటి ఎండ తగిలే నల్లని తలుపు గడియను సాయంకాలం పట్టుకున్నవారికి ఆ రంగు విలువ తెలిసివస్తుంది. లేత బూడిదరంగు గాని, మీగడ రంగు గాని వేస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాలలో మరొక చిక్కు ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తినివేస్తుంది. తుప్పు రంగూ, కాఫీ రంగూ దాదాపు ఒకటే కావడంతో ముదురు తలుపుపై తుప్పు పుట్టినా తొందరగా కంటబడదు. ‘పైన పటారం, లోన లొటారం’ అన్నట్లు చువ్వ మొదలు డొల్లబారిన తరువాత గాని మనం మేలుకోము. లేత రంగుపై చిన్న తుప్పు మరక కూడా వెంటనే కనిపిస్తుంది. దానిని గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, మళ్లీ రంగు వేసుకోవచ్చు. రక్షణ కోసం పెట్టుకున్న తలుపునకు తన లోపాన్ని దాచే రంగు కంటె, చెప్పే రంగే మేలు.

అన్నింటికంటె ముఖ్యమైనది పిల్లల ఆరోగ్యం. కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడే పసిబిడ్డ వాటిని నోటితో కొరకడం మనమెరిగినదే. పూర్వం పసుపు, నారింజ వంటి ముదురు వన్నెల ఎనామిల్ రంగులలో సీసపు సమ్మేళనాలను విరివిగా వాడేవారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. గృహాలకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని భారత ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. కావున డబ్బాపై వన్నె పేరుతో పాటు సీసం గురించిన వివరం కూడా చదవాలి. పాత చువ్వల రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి ఇల్లంతా వ్యాపిస్తుంది. తడిపి గీకడం, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచడం మంచిది.

“రంగు ఎవరి ఇష్టం వారిది, ఇంత ఆలోచన దేనికి?” అని కొందరు అనవచ్చు. ఇష్టాన్ని కాదనడం లేదు. ఎండ, ఉప్పుగాలి, పసివాడు, నాయనమ్మ, ఈ నలుగురినీ సంప్రదించిన తరువాత కూడా ఎంచుకొనడానికి ఎన్నో వన్నెలు మిగిలే ఉంటాయి. వాటిలో మనసుకు నచ్చినదాన్ని నిస్సంకోచంగా వేసుకోవచ్చు.

విద్యార్థులారా! రేపు మీ ఇంటికి రంగులు వేయించే సందర్భం వస్తే పెద్దలతో పాటు మీరూ ఆ సంభాషణలో పాల్గొనండి. రంగుల పట్టిక తెరవడానికి ముందు ఒక్క పూట మీ కిటికీ దగ్గర కూర్చోండి. ఎండ ఎటునుండి వస్తున్నదో, ఎవరు ఎటు చూస్తున్నారో గమనించండి. మీ ఇంటికి తగిన రంగు ఏదో అప్పుడు మీకే తెలుస్తుంది.