ఊరి పద్దు

గృహస్థుడు నెల మొదటనే తన ఆదాయమును లెక్కించుకొనును. బియ్యమునకింత, పిల్లల చదువునకింత, మందులకింత అని విభజించి, మిగిలిన దానిలో కొంత రేపటికై దాచును. ఆదాయమునకు మించి వ్యయము చేసిన ఇల్లు అప్పులపాలగును. గ్రామము కూడ ఒక పెద్ద సంసారమే. ఆ సంసారపు పద్దును వ్రాయునది గ్రామపంచాయతి. అయితే ఇంటి పద్దు ఇంటిలోని వారందరికిని తెలియును. ఊరి పద్దు మాత్రము ఊరిలో చాలమందికి తెలియదు. గ్రామములలోని పెక్కు ఇక్కట్లకు ఇదియే మూలము.

1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థానములోని నాగౌరు పట్టణమున జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్య వ్యవస్థను ప్రారంభించెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశమున షాద్‌నగరులో దానికి శ్రీకారము చుట్టబడెను. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు రాజ్యాంగ ప్రతిపత్తి నొసగెను. త్రాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యము మొదలుగాగల 29 విషయములు పదునొకండవ షెడ్యూలులో చేర్చబడినవి. అధికారము వచ్చినది. కాని ధనము లేని అధికారము నీరు లేని బావి వంటిది.

పంచాయతికి ధనము రెండు త్రోవల వచ్చును. ఇంటిపన్ను, కుళాయి రుసుము, సంత వేలము, చెరువులో చేపల పాట మొదలగునవి ఊరి సొంత ఆదాయము. ప్రభుత్వము లిచ్చు నిధులు రెండవది. 2021 నుండి 2026 వరకు గల కాలమునకు 15వ ఆర్థిక సంఘము గ్రామీణ సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కేటాయింపబడినవి. మిగిలిన 40 పాళ్లు స్థానికావసరములకు విడువబడినవి. కాని వానిని సిబ్బంది జీతములకు వాడరాదని నియమము పెట్టిరి. పైనుండి వచ్చు ప్రతి రూపాయికిని ఇట్టి నియమ మేదో ఒకటి ఉండును. సొంత రూపాయి మాత్రమే ఊరి మాట వినును.

ఒక గ్రామమున వేయి ఇండ్లున్నవనుకొనుడు. ఇంటికి 500 రూపాయల వంతున పన్ను విధించిన, ఏడాదికి 5 లక్షల రూపాయలు రావలెను. నాలుగు వందల ఇండ్లవారు చెల్లింపకున్నచో 2 లక్షలు తరుగును. ఆ తరుగు ముందుగా ఎవరిని బాధించును? కాలువలలో పూడిక తీయు కార్మికునికి జీతమందదు. నీటిట్యాంకు శుభ్రపడదు. కాలిన మోటారు నెలల తరబడి బాగుపడదు. ధనవంతుడు నీటిని కొని త్రాగును. బీదవాడు ఉన్న నీటినే త్రాగి రోగముపాలగును. కలిగినవాడు ఎగవేసిన పన్నును లేనివాడు తన ఆరోగ్యముతో చెల్లించుచున్నాడు.

“కుళాయిలో నీరు రాదు, స్తంభముపై దీపము వెలుగదు, పన్ను ఎందులకు?” అని అడుగువారు కలరు. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. కంచెయే చేను మేసిన సందర్భములు లేకపోలేదు. కాని పన్ను మానుట ఆ రోగమునకు మందు కాదు. పన్ను రానందున పని జరుగదు. పని జరుగనందున పన్ను రాదు. ఈ వలయమును తెంచుటకు రెండు వైపుల నుండియు చేయి పడవలెను. ప్రజలు పన్ను చెల్లింపవలెను; పంచాయతి లెక్క చెప్పవలెను. అందరును అందలమెక్కిన మోయువారెవ్వరు?

వ్యయమునందును వివేకము వలయును. స్వాగతద్వారము కట్టిన దానిపై పేరు చెక్కింపవచ్చును. పగిలిన నీటిగొట్టమును బాగుచేసిన వానికి శిలాఫలక ముండదు. అందుచేతనే క్రొత్త కట్టడములకు ఉత్సాహమును, పాతవాని మరమ్మతుకు ఉపేక్షయు కనిపించును. మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపము — వీనికి చాలినంత ధనము తీసి పెట్టిన పిమ్మటనే అలంకారములను తలపెట్టుట ధర్మము.

ఇది జరుగవలెనన్న గ్రామసభ మేలుకొనవలెను. గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివ్యక్తియు అందు సభ్యుడే. పన్ను కట్టగలిగిన వానికెంత హక్కు కలదో, కట్టలేని బీదరాలికిని అంతే హక్కు కలదు. ఆదాయవ్యయములు అచ్చట బిగ్గరగా చదువబడవలెను. పంచాయతి గోడపై అందరికిని అర్థమగు తెలుగులో వ్రాయబడవలెను. లెక్క దాచినచో అడిగి తెలిసికొనుటకు 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము అండగా నున్నది.

నేడు ఎనిమిదవ తరగతిలో నున్న బాలబాలికలు కొలది యేండ్లలో ఓటర్లగుదురు. కూడిక, తీసివేత వారికిప్పుడే వచ్చును. ఊరి పద్దును చదువుటకు అంతకు మించిన గణితము అక్కరలేదు. కావలసినది సభలో లేచి నిలిచి, “ఈ రూపాయి ఎచ్చటికి పోయినది?” అని మర్యాదగా, నిర్భయముగా అడుగు అలవాటు మాత్రమే.