ఖాదిం వీసా అని వెతికితే దొరకదు

సోషల్ వర్క్ చదివే పిల్లలు మన ఊళ్ళ నుంచి అప్పుడప్పుడూ నాకు మెసేజ్ పెడుతుంటారు. "అన్నా, మీరు కువైట్‌లో ఉంటారు కదా, ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళ మీద ప్రాజెక్టు చేస్తున్నాం, ఏమైనా మెటీరియల్ ఉందా?" అని. వెతికితే ఏడుపు వీడియోలూ, శవపేటికల వార్తలూ తప్ప ఏమీ రావట్లేదంటారు. మనవాళ్ళ మీద ఎవరూ ఏమీ రాయలేదని తేల్చేస్తారు.

నేనది ఒప్పుకోను. రాశారు. కాకపోతే మనం వాడే మాట వేరు, వాళ్ళు రాసిన మాట వేరు.

ఇక్కడ హవల్లీలో మనవాళ్ళు "ఖాదిం వీసా" అంటారు, లేదా "20 నంబరు" అంటారు. పరిశోధకులు "మైగ్రెంట్ డొమెస్టిక్ వర్కర్" అని రాస్తారు. పాత వ్యాసాల్లో "హౌస్‌మెయిడ్" అని ఉంటుంది. కడపకు ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది, అంతకు ముందువి చూడాలంటే 'సి'తో మొదలయ్యే పాత స్పెల్లింగు కొట్టాలి. హవల్లీకి కూడా చివర ఒకరు 'ఐ' పెడతారు, ఒకరు 'వై' పెడతారు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మార్చి మార్చి వెతకాలి.

ముందు శోధ్‌గంగ చూడమంటాను. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితం. ఒక మంచి థీసిస్‌లో పాత పరిశోధనల మీద ఉండే అధ్యాయం చదివితే ఎవరెవరు ఏం రాశారో వరసగా తెలుస్తుంది. ఆ పేర్లు పట్టుకుని గూగుల్ స్కాలర్‌కి వెళ్తే, ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో కూడా చూపిస్తుంది. తిరువనంతపురం సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ప్రవీణ కోడోత్ కేరళ, ఆంధ్ర ఆడవాళ్ళ గల్ఫ్ వలస మీదే పనిచేశారు. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్ళకూడదన్న మన ప్రభుత్వ నిబంధన కాపాడటానికి పెట్టిందే అయినా, వాళ్ళని దొడ్డిదారి ఏజెంట్ల చేతుల్లోకి నెడుతుందన్న వాదన అక్కడ కనిపిస్తుంది. ఏడుపు వీడియో ఈ సంగతి చెప్పదు. అందుకే వ్యాసం కావాలి.

అయితే చాలా వ్యాసాలకు తాళం ఉంటుంది. ఒక్కోదానికి 30, 40 డాలర్లు అడుగుతారు, అంటే సుమారు 10 దినార్లు. 2016లో కువైట్ ఇంటిపనివాళ్ళకు ఖరారు చేసిన కనీస జీతం నెలకు 60 దినార్లు. తన బతుకు మీద రాసిన వ్యాసం చదవాలంటే ఆమె ఐదు రోజులు పనిచేయాలన్నమాట. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. డబ్బు కట్టకండి. రాసినవాళ్ళకే మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు.

దొరికాక ముగింపు ఒక్కటే చదివి కాపీ కొట్టకండి. ఎవరితో మాట్లాడి రాశారో చూడండి. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలంటుంది. ఆ సెలవు దొరికిన మనిషే పరిశోధకుడికీ దొరుకుతుంది. తలుపు దాటని మనిషి ఏ పట్టికలోనూ ఉండదు. ఆ తేడా గుర్తించని ప్రాజెక్టు ఎన్ని పేజీలున్నా సగమే.

చివరిగా ఒక మాట. ఆడవాళ్ళు తమ కథ చెప్పుకున్నది తెలుగులో. మీరు రాసేది ఇంగ్లీషులో. మార్కులు వచ్చాక ఒక రెండు పేజీలు తెలుగులో రాసి, లేదా వాయిస్ మెసేజ్‌గా చదివి, వాళ్ళకి పంపండి. తప్పు రాసి ఉంటే వాళ్ళే చెప్తారు. మీ గైడ్ చెప్పలేనివి కూడా.