చెట్టుకి తల దువ్వండి

ఆవకాయ జాడీకెక్కింది, చెట్టు మీద మిగిలిన నాలుగు పళ్లూ పిల్లలు దింపేశారు. ఇక పెరట్లో మామిడిచెట్టు సంగతి అక్టోబరులో వాయుగుండం కబురు వినేదాకా మనకి గుర్తుండదు. అప్పుడు హడావిడిగా గొడ్డలి వెతుకుతాం! 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరితోటలూ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి విశాఖ వీధుల్లో చెట్లూ, 2018లో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరీ, జీడిమామిడీ కూలిన తీరు చూసినవాళ్లకి ఆ భయం సహజమే. అంచేత జాగ్రత్తేదో ఇప్పుడే, ఈ జూన్, జూలై నెలల్లోనే పడాలి.

భయపడి చాలామంది చెట్టు తల నరికించి మొండెం చేస్తున్నారు. అంతకన్నా ప్రమాదం లేదు సుమండీ. నరికినచోట గుబురుగా లేచే కొమ్మలకి కాండంతో గట్టి అతుకుండదు. నాలుగేళ్లకి అవే లావెక్కి, గాలికి ఊడి మీ రేకుల మీద పడతాయి. మోడులోకి నీరు దిగి కుళ్లు పట్టడం అదనం.

తల తీయకండి, దువ్వండి చాలు. ఎండుకొమ్మలూ, ఒకదాన్నొకటి రాసుకునేవీ, గుబురు లోపలికి పెరిగినవీ తీయించండి. కిందనుంచి చూస్తే ఆకుల మధ్య ఆకాశం చుక్కలు చుక్కలుగా కనబడాలి. గాలి అందులోంచి దూరి వెళ్లిపోతుంది. అయితే పావు వంతుకి మించి కొమ్మ తీయనివ్వకండి. లావు కొమ్మని ముందు కిందివైపు కొంత కోసి, ఆనక పైనుంచి కోయమనండి. లేదంటే బరువుకి కాండం దాకా బెరడు చీరుకుపోతుంది.

మునగ సంగతి వేరు. దాని కొమ్మ పెళుసు. ఏటా కాయలయ్యాక మూడు నాలుగడుగుల ఎత్తుకి కొట్టేసినా చక్కగా చిగురిస్తుంది, కొమ్మలు బరువెక్కవు, కాయా చేతికందుతుంది. గెలవేసిన అరటికి రెండు వెదుళ్లు కత్తెరలా కట్టి ఊతమివ్వండి. కొబ్బరికి ఎండుమట్టలూ ముదురుకాయలూ దింపిస్తే సరి. పచ్చమట్టల జోలికి పోవద్దు.

అసలు గుట్టంతా వేళ్లలో ఉంది. ప్రహరీ పునాదికనో, సెప్టిక్ ట్యాంకుకనో ఒకవైపు వేళ్లు నరికించేస్తాం. ఇక అది మూడుకాళ్ల మంచమే! పెరడంతా గచ్చు చేయించినా మొదలు చుట్టూ నాలుగైదడుగులు మట్టి వదలండి. చెట్టు కొత్తగా ఒరిగి, మొదట్లో నేల పగిలి లేచిందంటే మాత్రం కొమ్మలు తీస్తే ఆగేది కాదు. ఇంటివైపు వాలితే మమకారం చంపుకుని కొట్టించేయడమే మంచిది.

చిన్నమొక్కకి రెండు గుంజలు పాతి, పాత నూలుచీర పేలికతో వదులుగా కట్టండి. ఇనపతీగ వద్దు, బెరడు కోసుకుపోతుంది. మొక్క కాస్త ఊగితేనే కాండం బలపడేది. ఏడాదికి గుంజలు తీసేయండి.

తుపాను వెళ్లాక కరెంటు తీగ తగిలిన కొమ్మని ఎంత చిన్నదైనా ముట్టుకోకండి, పిల్లల్నీ పోనివ్వకండి. కరెంటువాళ్లు వచ్చి చూడాల్సిందే. మనిషెత్తు చెట్టు పడిపోతే వేళ్లమీద తడి గోనెలు కప్పి, ఆ రోజో మర్నాడో నిలబెట్టి మట్టి తొక్కించండి. ఉప్పుగాలికి ఆకంతా మాడిన చెట్టుని చూసి చచ్చిపోయిందనుకోకండి. గోటితో సన్నకొమ్మ బెరడు గీకితే లోపల పచ్చగా ఉందా, సంక్రాంతి దాకా ఆగి చూడండి.